రంగం వెళ్ళినవాళ్ళు ఏం తిన్నారు?

కళింగపట్నం, బారువ, భీమునిపట్నం రేవుల్లో ఓడెక్కి రంగం (బర్మాలోని రంగూన్) పోయిన మన శ్రీకాకుళం, విజయనగరం కూలీల కష్టం గురించి చదివాం. ఓడరేవులో మోసిన బస్తాలు, బియ్యం మిల్లులు, 1930 మే నెలలో వాళ్ళ మీద జరిగిన దాడులు, 1942లో యుద్ధం వచ్చి అడవుల వెంట ఇండియాకు కాలినడక. వాళ్ళు అక్కడ ఏం తిన్నారన్నది మాత్రం అరుదుగా కనిపిస్తుంది.

చోడి అంబలి తాగి పొలానికి పోయే మనిషికి అక్కడ పొద్దున్నే ఎదురైంది మొహింగా. చేపల పులుసులో శనగపిండి కలిపి, అరటి దూట ముక్కలు వేసి మరిగించి, బియ్యపు సేమ్యా మీద పోసి ఇస్తారు. దూట మనకు కొత్త కాదు, ఆవ పెట్టి వండుకుంటాం. దాన్ని చేపతో, అదీ తెల్లారేసరికి తినడమే కొత్త. ఊరబెట్టిన చేపల ముద్ద, ఙపి, వాసన సంగతి సరేసరి. టీ ఆకును సైతం ఊరవేసి, నూనె, వేరుసెనగలు కలుపుకు తినే దేశమది.

1964 తర్వాత తిరిగొచ్చిన కుటుంబాలు ఆ రుచుల్ని వెంట తెచ్చుకున్నాయి. విశాఖ బర్మా క్యాంపులో ఖౌసే అనే బర్మా నూడుల్స్ వంటకం ఇప్పటికీ దొరుకుతుంది. నా దృష్టిలో అదీ ఉత్తరాంధ్ర వంటే.

ఈ సంచిక ఆ వంటిళ్ళ కోసం. రంగం చూసిన మీ తాతమ్మ చెప్పిన వంట ఏదైనా గుర్తుంటే, కొలతలు తెలియకపోయినా సరే, రాసి పంపండి.