మర్ఫా వాద్యకారుని జాతి ఏది?

నిజాముల ఆఫ్రికన్ అశ్వికదళము పేర వెలసిన ఏ.సీ. గార్డ్స్‌లో సిద్దీలు, బార్కస్‌లో యెమెన్ అరబ్బుల సంతతివారు స్థిరపడిరి. ఉభయుల తాళములు కలిసి హైదరాబాదు మర్ఫా అయినది. వివాహముల వలన కొన్ని వంశములును కలిసినవి.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు 1924 నాటి చట్టము ప్రకారము, ఆఫ్రికన్ రక్తము లేశమున్నను మనిషి నాడు శ్వేతజాతీయుడుగా పరిగణింపబడకుండెను. అరబ్బులు తండ్రి వంశమును చూతురు. మన నగరములో ఉంగరాల జుట్టు చూచి ‘హబ్షీ’ యనువారు కలరు. ఒకే కళాకారునికి మూడు చోట్ల మూడు జాతులు! కనుక జాతి నెత్తుటి గుణము కాదు, సంఘము వేసిన ముద్ర.

1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటినుండి హైటెక్ సిటీ నలుదెసలవారిని అక్కున జేర్చుకొన్నది. తరతరములుగా దక్కనీ ఉర్దూ మాటలాడుచు, మన పెండ్లి ఊరేగింపులకు దరువు వేయువారు పరాయివారెట్లగుదురు? వార్షికోత్సవ వేదికపైకి వారిని సగౌరవముగా ఆహ్వానింపవలెనని కళాశాల కమిటీని కోరుచున్నాము.