మన నీళ్లల్ల ఏమున్నదో మనకు తెల్వద్దా?

నీళ్లు, నిధులు, నియామకాలు. ఈ మూడింటి కోసమే 2011లో 42 రోజులు సకల జనుల సమ్మె చేసినం. ఉద్యోగులు జీతాలు వదులుకున్నరు. విద్యార్థులు లాఠీదెబ్బలు తిన్నరు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మరి నీళ్లంటే టీఎంసీల లెక్క ఒక్కటేనా?

నీళ్లుండుడు వేరు, తాగే నీళ్లుండుడు వేరని నల్లగొండ మనకు ఎన్నడో చెప్పింది. బాయిల నీళ్లున్నా అందులోని ఫ్లోరైడు తాగి తరాల నడుములు వంగినయి. ఆ గోసనే ఉద్యమం దేశం ముందు పెట్టింది. 2016లో మిషన్ భగీరథ మొదలై కృష్ణా, గోదావరి నీళ్లు నల్లాలకు వచ్చినయి. మంచిదే. కానీ పొలం కాడ కూలీలు, కొట్టం కాడ కాపలా ఉండే కుటుంబాలు ఇంకా బాయి, బోరు నీళ్లే తాగుతున్నరు.

పట్నానికి పాలు పంపే బర్రెల డెయిరీల సంగతి చూడండి. పెద్ద పశువు రోజుకు 15 నుంచి 20 కిలోల పెండ వేస్తది. 50 బర్రెలుంటే దాదాపు టన్ను. పొలానికి పోతే అది బంగారం. కొట్టం పక్క గుంతల మురిగితే అందులోని నత్రజని నైట్రేటుగా మారి వాన నీళ్లతో భూమిలకు దిగుతది. మనది రాతినేల. రాతి పగుళ్ల వెంట అది బాయిలకు, బోర్లకు చేరుతది.

నైట్రేటుకు రంగు లేదు, వాసన లేదు. కాగబెడితే పోదు, ఇంకా చిక్కబడతది. తాగునీళ్లల్ల లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటొద్దని భారత ప్రమాణాల సంస్థ చెప్పింది. అంతకు మించిన నీళ్లల్ల డబ్బా పాలు కలిపి పడితే పసిబిడ్డ ఒళ్లు నీలిబడే ప్రమాదముంది.

పాడి రైతును దోషిగ నిలబెట్టుడు మా ఉద్దేశం కాదు. ఆ నీళ్లు ముందుగ తాగేది ఆయన పిల్లలే. అడగాల్సింది సర్కారును. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్లతో శిక్షణ ఇయ్యాలన్న నిబంధన ఉంది. ఆ కిట్లు నల్లాల కాడనే ఆగొద్దు. డెయిరీల పక్కనున్న ప్రతి బాయినీ, బోరునూ వానకాలం ముందొకసారి, తర్వాతొకసారి ఉచితంగ పరీక్షించాలె. నైట్రేటు, ఫ్లోరైడు, బ్యాక్టీరియా ఎంతున్నయో పంచాయతీ గోడ మీద రాయాలె.

విద్యార్థి మిత్రులారా, సెలవులకు ఊరికి పోతే గ్రామసభల ఈ ముచ్చట లేవనెత్తండి. ఉద్యోగ మిత్రులారా, ప్రయోగశాలలు మీ చేతుల్లనే ఉన్నయి.

నీళ్లల్ల వాటా కొట్లాడి అడిగినోళ్లం. ఆ నీళ్లల్ల ఏమున్నదో అడిగే హక్కు మనకు లేదా?

జై తెలంగాణ!