పండులు

మా అక్కావాళ్ళు ఉండేది బాటసింగారంలో. 2021లో పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి అక్కడికి మారినప్పుడు, బావ కూడా వ్యాపారం వెంటే కాపురం మార్చేశాడు. నేనుండేది ఎల్.బి.నగర్. ఆదివారం వస్తే మూడేళ్ళ మేనకోడలి దగ్గర హాజరు వేయించుకోవాల్సిందే. మొన్న నేను గేటు తీస్తుండగానే "మామా, పండులు తెచ్చినవా?" అంటూ ఉరికొచ్చింది. నేను నవ్వేలోపే లోపల్నుంచి అక్క, "పండులు కాదు, ఫ్రూట్స్ అనాలి!"

సంగతేమిటంటే, ప్లేస్కూల్లో మిస్సు చెప్పిందట, రెండు భాషలతో పాప కన్‌ఫ్యూజ్ అవుతోంది, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి అని. నెల రోజులుగా ఆ ఇంట్లో తెలుగు బంద్. ఇంగ్లీషేమో కమ్, ఈట్, సిట్, డోంట్ టచ్ దగ్గరే ఆగిపోయింది. బావ అయితే మాట్లాడడమే మానేశాడు.

అసలు ఆ "పండులు" ఎక్కణ్ణుంచి వచ్చింది? పండ్ల వ్యాపారి ఇల్లది, రోజుకు వందసార్లు "పండ్లు" వినిపిస్తుంది. "పండులు" అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. అంటే పాప విన్నది అప్పజెప్పడం లేదు. కుక్కలు, కాకులు, లారీలు విని "లు" అనే రూల్ తనే పట్టుకుంది, పండుకీ తగిలించింది. మనం తప్పు అంటున్నది అసలు వ్యాకరణం పని చేస్తోందనడానికి రుజువు!

ఇది నా సొంత థియరీ ఏం కాదు. 1958లో జీన్ బెర్కో అనే ఆవిడ పిల్లలకి ఒక వింత బొమ్మ చూపించి "ఇది వగ్" అని చెప్పి, రెండుంటే ఏమంటారని అడిగింది. ఎన్నడూ వినని మాటకి కూడా వాళ్ళు బహువచనం కట్టేశారు. నేనూ ఊరుకుంటానా, ఓ పిచ్చి బొమ్మ గీసి "ఇది గిండు. మరి ఇవి రెండు..?" అన్నాను. పాప "గిండులు" అంది. వంటింట్లోంచి అక్క "గిండ్లు" అంది. పక్కింటి విజయవాడ ఆంటీ "గిళ్ళు" అనేసింది! లేని వస్తువుకి మూడు బహువచనాలు. ఆ రూల్ చెప్పమంటే మాత్రం పెద్దవాళ్ళిద్దరూ తెల్లమొహాలేశారు.

నాకు ఇంకా నచ్చింది 1970లో రోజర్ బ్రౌన్, కెమిల్ హాన్లన్ రాసిన పేపర్. అమ్మానాన్నలు పిల్లల మాటల్లో సరిదిద్దేది నిజానిజాలనే, వ్యాకరణాన్ని దాదాపు పట్టించుకోరని వాళ్ళు గమనించారు. ఓ పాప వాళ్ళమ్మ గురించి "హీ ఎ గర్ల్" అంటే, ఆవిడ "కరెక్ట్" అందట! ఆలోచించండి, ఎర్రర్ మెసేజ్‌లు దాదాపు లేకుండా ఏ ప్రోగ్రాం నేర్చుకుంటుంది? లక్షల కోట్ల పదాలు మింగిన మన ఏఐ మోడళ్ళ పక్కన, ఈ పిల్ల విన్నదెంత?

తెలుగు పిల్లల మీద కూడా పని జరిగింది. 1981లోనే ఉస్మానియాలో సి. నిర్మల గారు పిల్లల్లో తెలుగు ఎలా ఎదుగుతుందన్న దాని మీద పి.హెచ్.డి. చేశారు. మనమేమో స్కూల్ బ్రోషర్లు చదువుతాం.

రెండు భాషలు వింటే పిల్లలు తికమకపడి వెనకబడతారన్న భయం పరిశోధనల్లో నిలబడలేదు. పాప నోట రెండూ కలిసి రావడం మామూలే, మనం ఆఫీసులో చేసేది అదేగా. అయితే ఫోన్‌లో ఇంగ్లీషు పాటలు పెడితే సరిపోతుందనే వాళ్ళకి ఒక సంగతి. 2003లో పెట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పసివాళ్ళకి పన్నెండుసార్లు చైనీస్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడించినవాళ్ళు ఆ భాష ధ్వనుల్లో తేడా పట్టగలిగారు. అవే మాటలు వీడియోలో చూసినవాళ్ళకి అబ్బలేదు.

ఇంగ్లీషు వద్దని నేననడం లేదు, నా జీతమే దాని మీద వస్తోంది. స్కూల్లో నేర్చుకుంటుంది, నేర్చుకోనివ్వండి. ఇంట్లో అలక, కథ, గొడవ, బుజ్జగింపు అన్నీ ఉన్న భాష తీసేసి, నాలుగు ఆర్డర్లున్న భాష పెడితే ఆ పిల్ల రూల్స్ దేంట్లోంచి ఏరుకోవాలి?

ఇదంతా చెబితే అక్క ఏమనలేదు. బావ మాత్రం చాలా రోజులకి నోరు విప్పాడు. "మా మార్కెట్‌ల హమాలీలు తెలుగు, హిందీ రెండూ మాట్లాడ్తరు. వాళ్ళు ఏ మిస్సును అడిగిన్రు?" అన్నాడు. అక్క వచ్చే శనివారం స్కూలుకెళ్ళి మాట్లాడుతుందట. నన్నూ తోడు రమ్మంటోంది. మిస్సుతో ఇంగ్లీషులో మాట్లాడాలి కదా, అందుకని.