పెద్దమ్మ ముచ్చట: రొమ్ము వాచిందని బిడ్డను దూరం పెట్టొద్దు

ఈ నెల ముచ్చట మొగవాళ్ళు గూడ చదవాలె. సిగ్గుపడి పేజీ తిప్పెయ్యకుండ్రి, ఇది మీ ఇంటి పసిబిడ్డ తాగే పాల సంగతి.

పాలిచ్చే తల్లికి రొమ్ము వాచి, ఎర్రబడి, జ్వరం కాసుడు మన వాడల్ల కొత్త కాదు. ఒకరు పాలు గడ్డకట్టినయి అంటరు, ఒకరు పాలజ్వరం అంటరు, ఇంకొకరు దిష్టి తగిలిందంటరు. డాక్టర్లు మాస్టైటిస్ అంటరు. పేరు ఏదైతే ఏంది, అది ఎట్లుంటదో పడ్డవాళ్ళకే తెలుసు. రవిక తగిలినా ప్రాణం పోయినట్టుంటది. చలి పుడుతది, ఒళ్ళంత నొప్పులు లేస్తయి. మా సిరొంచ అడివి దిక్కు చలిజ్వరమంటే ముందుగాల మలేరియానే యాదికొస్తది. బాలింతకు జ్వరమొస్తే నెత్తురు పరీక్ష చేపిస్తరు. చేపించాల్సిందే, అందుల తప్పు లేదు. కాని రొమ్ములల్ల ఏమన్న నొప్పి ఉన్నదా బిడ్డా అని అడిగేటోళ్ళు తక్కువ. అడగకపోతే ఆమె చెప్పదు. అత్తముందు చెప్పదు, మొగనికి అసలే చెప్పదు.

ఇది ఒకరిద్దరి బాధ అనుకుంటున్నరేమో, కాదు. లెక్క ఉన్నది, అది గూడ మా జిల్లా లెక్కనే. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ అనే భార్యాభర్తలు 1986 నుంచి గడ్చిరోలి దిక్కు పనిచేస్తున్నరు. వాళ్ళ సంస్థ పేరు సర్చ్, ఉండే తావు శోధగ్రామ్. 1995-96ల వాళ్ళు 39 ఊళ్ళల్ల 772 మంది ఆడవాళ్ళ కాన్పులు, బాలింతతనం లెక్క రాసిండ్రు. ఊళ్ళె ఉండే ఆరోగ్య కార్యకర్తలే ఇంటింటికి పోయి, కాన్పు కాంగనే మొదలువెట్టి 28 రోజుల దాక మళ్ళ మళ్ళ చూసి రాసిండ్రు. కాన్పు తర్వాత వచ్చిన బాధలల్ల అన్నిటికంటె ఎక్కువ మందికి వచ్చింది రొమ్ము బాధనే. నూటికి 18 మందికి పైన, అంటే ఐదుగురిలో ఒకరికి దగ్గర్దగ్గర. అందరికి చీము పట్టలేదు, చనుమొన పగిలినోళ్ళు, పాలు నిండి రాయయినోళ్ళు గూడ అందుల ఉన్నరు. ఇంత మందికి వచ్చే బాధను ఇన్నేండ్లు కొంగు కింద దాచుకుంటనే వచ్చినం.

ఎందుకొస్తది? రెండు సంగతులు. బిడ్డ నోరు సరిగ్గ పట్టకపోతే చనుమొన పగులుతది, ఆ పగులులకెల్లి సూక్ష్మక్రిములు లోపలికి పోతయి. ఇంకొకటి, పాలు తియ్యకుండ చాలసేపు నిలవుంటే లోపల వాపు వస్తది, వాపుకు పాలు వచ్చే సన్నని నాళాలు ఒత్తుకపోతయి. దిష్టి లేదు, పాపం లేదు.

ఈ రెండో సంగతి మిల్లు ఆడవాళ్ళకు నేను చెప్పే పని లేదు. వైండింగ్ ఖాతాల నిలవడి బాబిన్లు మార్చుకుంట, తెగిన దారం ముడేసుకుంట ఎనిమిది గంటలు. బిడ్డ ఇంటికాడ, ఇక్కడ రొమ్ములు రాళ్ళు. పాత చీర ముక్క మడతవెట్టి రవికల పెట్టుకునేది. అది గూడ తడిసిపోతే పాయఖానాలకు పోయి గోడకు పిండేది. రెండు నిమిషాలు ఎక్కువైతే మేస్త్రీ కేకేసేటోడు. 1961ల వచ్చిన ప్రసూతి చట్టంల బిడ్డకు 15 నెలలు నిండేదాక తల్లికి రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం రాసి ఉండేది, అన్నం తినే విరామం కాక. ముప్పై మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీల పిల్లల గది ఉండాలని ఫ్యాక్టరీల చట్టంల రాసి ఉండేది. మా ఖాతాల ఎవ్వరూ మాకిది చదివి వినిపియ్యలేదు. నాలుగో తరగతి చదువుతోని మేమేం వెతికి చదువుదుము! యూనియన్ల ఉన్న అన్నలు బోనస్ కోసం గేటుకాడ గొంతు చించుకున్నరు గాని ఈ రెండు విరామాల కోసం ఒక్కనాడన్న అరిచింది నేను వినలేదు. ఇప్పుడు మా దిక్కునుంచి మిరప ఏరనీకె నది దాటిపోయే ఆడకూలీలకైతే అడిగే చోటే లేదు. బిడ్డను వెంట తీసుకపోవుడు కుదరకుంటే మూడు గంటలకోసారన్న చేతితోని మెల్లగ పాలు తియ్యాలె. చేతులు కడుక్కోని, కడిగిన గిన్నెల పట్టి మూతవెట్టి నీడకు పెడితే మూడు నాలుగు గంటలల్ల బిడ్డకు తాపొచ్చు.

ఇగ అసలు ముచ్చట. పోయిన ఎండకాలం మా వాడల ఒక కోడలికి తొలిచూలు కాన్పయింది. పన్నెండో నాడు ఎడమ రొమ్ము వాచింది. అత్త మంచిదే, చెడ్డ మనసు కాదు. కాని పాలు చెడిపోయినయి, బిడ్డకు విషమైతయి అని రొమ్ము విడిపించింది, సీసాతోని ఆవుపాలు మొదలువెట్టింది. పిల్ల గూడ ఆ రొమ్ము పట్టంగనే మొహం తిప్పుకుంటున్నదట, అదే సాక్ష్యమయింది ఆమెకు. నిజమేందంటే వాపు వచ్చిన రొమ్ములో పాలకు కొంచెం ఉప్పదనం వస్తది. బిడ్డకు రుచి మారిందని తెలుస్తది, అంతే. ఆ పాలతోని బిడ్డకు ఏమీ కాదు. పాలు తాపుడు ఆపేసరికి నాలుగో నాటికి లోపల చీము పట్టింది. జ్వరంతోని పొద్దుగూకి గోదావరి వంతెన దాటిచ్చి కాళేశ్వరం మీదుగ పెద్ద దవాఖానకు తీసుకపోయిండ్రు. వంతెన లేని రోజులల్ల పడవ కోసం ఒడ్డున కూసోని చూసినోళ్ళం మేము, ఆ రాత్రి నాకు అదే యాదికొచ్చింది. ఇటు గడ్చిరోలికి పోదామంటే రెండొందల కిలోమీటర్లకు పైమాటే. అక్కడ చీము తీసిండ్రు, మందులిచ్చిండ్రు. డాక్టరమ్మ మొదటి మాట ఏమన్నదంటే, కుడి రొమ్ము ఇప్పుడే పట్టియ్యి, ఎడమది పుండుకు బిడ్డ నోరు తగలకుంటే అది గూడ పట్టియ్యి, తగులుతదనుకుంటే చేతితోని తియ్యి. ఇప్పుడు ఆ పిల్ల రెండు వైపులా తాగుతున్నది, బుగ్గలు చూడాలె!

హెచ్ఐవీ ఉన్న తల్లులకు మాత్రం ఇది వర్తించదు, వాళ్ళు తమ డాక్టర్ను అడిగే చెయ్యాలె.

మిగిలినోళ్ళు నొప్పి మొదలైన నాడే ఏం చెయ్యాలంటే, బిడ్డ అడిగినప్పుడల్ల ఎప్పటిలెక్కనే రెండు వైపులా పట్టియ్యాలె. చనుమొన ఒక్కటే కాదు, చుట్టున్న నల్లటి భాగం గూడ వీలైనంత బిడ్డ నోట్లకు పోవాలె, గదువ రొమ్ముకు ఆనాలె. అట్ల పడితే సగం నొప్పి అక్కడనే తగ్గుతది. పాలిచ్చినంక సల్లటి నీళ్ళల్ల ముంచి పిండిన బట్ట కాసేపు వెయ్యాలె. ఇచ్చే ముందు గోరువెచ్చటి బట్ట కొందరికి హాయిగుంటది, వేసుకోవచ్చు. కాని ఇటుక కాల్చి కాపడం పెట్టుడు వద్దు, నూనె పోసి రొట్టెపిండి పిసికినట్టు పిసుకుడు అసలే వద్దు. మా కాలపు ముసలమ్మలు గడ్డ కరుగుతదని బలంగ రుద్దేటోళ్ళు. చిక్కువడ్డ దారాన్ని గుంజితే ఇంకింత బిగుస్తది, మిల్లుల చేసినోళ్ళకు ఎరుకే. లోపలి వాపు గూడ అంతే, రుద్దినకొద్ది పెరుగుతది. నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్ గోలి పాలిచ్చే తల్లి వేసుకోవచ్చు, ఎన్ని వేసుకోవాల్నో నర్సమ్మను అడగాలె. నీళ్ళు దూప అయినన్ని తాగాలె. బాలింతకు నీళ్ళు పడవని గొంతు తడుపుకోనియ్యని ఇండ్లు ఇంక ఉన్నయి మా దిక్కు, వాటితోని నాకు ఎప్పటికీ పేచీనే.

మల్లెపూలు రొమ్ముకు కట్టే అలవాటు గూడ ఉన్నది కొన్ని ఇండ్లల్ల. అది పాలు ఎండిపోవుటానికి కడుతరు, బిడ్డ పోయిన తల్లికి కట్టేటోళ్ళు. తాగే బిడ్డ ఒళ్ళ ఉన్న తల్లికి వాపు తగ్గుతదని అవి కట్టొద్దు.

ఒక్క రోజు చూడుండ్రి. జ్వరం దిగకపోయినా, ఎరుపు పెరిగినా, చనుమొన పగిలి చీము కారినా, ముట్టుకుంటే లోపల నీళ్ళ తిత్తిలెక్క మెత్తగ ఆడే గడ్డ తగిలినా ఆగొద్దు, దవాఖానకు నడువుండ్రి. సిరొంచలనే సర్కారు దవాఖాన ఉన్నది, ముందుగాల అక్కడ చూపియ్యాలె. మందుల దుకాణంల మొన్నటి చీటీ చూపెట్టి నాలుగు గోలీలు తెచ్చి వేసుకోవద్దు. డాక్టర్ రాసిన మందు నొప్పి తగ్గినా గూడ చెప్పినన్ని రోజులు మింగాలె. పాలిచ్చే తల్లినని డాక్టర్కు ముందే చెప్పాలె, దానికి సరిపడే మందులు రాస్తరు.

దవాఖానల కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులల్ల వస్తది, ఇంటికాడ కాన్పయితే మొదటినాడు గూడ. ఇండ్లు తిరిగి బాలింతను, బిడ్డను చూసే ఈ పద్ధతికి దారి చూపింది మా గడ్చిరోలి ఊళ్ళ పనే. ఆమె వచ్చినప్పుడు బిడ్డను తూకమేసి పంపుడు కాదు, తలుపు దగ్గరికేసి రొమ్ములు గూడ చూపెట్టుండ్రి. బిడ్డ ఎట్ల పడుతున్నదో ఆమె ముందటనే పట్టిచ్చి చూపియ్యుండ్రి. కోడలు సిగ్గుపడితే అత్తలే చెప్పాలె, మొగపిల్లలను కాసేపు బయట కూసోమనాలె.