కెమెరా కొంటున్నారా... ఒక్క నిమిషం!

మా అమ్మమ్మగారి ఊరు కోటబొమ్మాళి. కొత్తమ్మ తల్లి జాతరకి ఎక్కడెక్కడున్న వాళ్లమూ అక్కడ చేరతాం. ఆమధ్య జాతరలో మావయ్య ఇంటిల్లిపాదినీ అరుగు మీద కూర్చోబెట్టి ఫోన్లో ఫొటో తీశాడు. తీసిన వెంటనే అమ్మమ్మకి చూపించాడు. ఆవిడ కళ్లు చికిలించి చూసి మురిసిపోయింది. ఫోన్ వెనక్కి తీసుకోబోతే మాత్రం చెయ్యి పట్టేసుకుంది.

'సూపించీసి తీసీసుకుంతావేట్రా? ఫొటో ఇయ్యవా?'

అందరం నవ్వేశాం. 'ప్రింటు వేయిస్తాలేవే' అన్నాడు మావయ్య. రెండు నెలలు తిరక్కుండానే ఫోన్ నీళ్లలో పడింది. ఆ ఫొటోతో పాటు మూడేళ్ల ఫొటోలూ పోయాయి. ఆ ఇంట్లో అది రెండో దెబ్బ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పెంకులు లేచిపోయి, ట్రంకుపెట్టెలోని ఆల్బమ్ నానిపోయింది. తాతయ్య ఫొటోల్లో మిగిలింది ఒక్కటే.

'పేపర్లో రాస్తావు కదా, ఓ చిన్న కెమెరా చెప్పు. చవగ్గా ఉండాలి, నాలుగేళ్లు పనిచెయ్యాలి' అని మావయ్య ఫోన్ చేశాడు. ఆయనకి చెప్పినవే ఈ వారం మీకూ.

ఏ ఫొటో రావడం లేదు?

కొట్టుకి వెళ్లేముందు ఈ ప్రశ్న వేసుకోండి. ఇప్పుడున్న ఫోన్‌తో మీకు ఏ ఫొటో సరిగ్గా రావడం లేదు? మావయ్య మూడు చెప్పాడు. అరుగు మీద అందరూ ఉన్న ఫొటో, రాత్రిపూట జాతర, పక్కనే ఉన్న తేలినీలాపురంలో చెట్ల మీద వాలే పెలికాన్ పక్షులు.

మొదటిది ఏ ఫోనైనా తీస్తుంది. రెండోదానికి చౌక కెమెరా కన్నా ఓ మోస్తరు ఫోనే నయం. ఫోన్ నాలుగైదు ఫొటోలు చకచకా తీసి, కలిపి, చీకటిని సరిచేసుకుంటుంది. చిన్న కెమెరాకి బలం దాని ఫ్లాష్. అది రెండు మూడు మీటర్ల దూరంలో ఉన్న మనుషుల వరకే. గుడి మీది దీపాల వరుసకి ఫ్లాష్ కొట్టి లాభం లేదు. ఇక మూడోది... అక్కడే కెమెరా అవసరం. దూరాన్ని దగ్గరికి తెచ్చే అసలైన జూమ్ చౌక ఫోన్లలో ఉండదు.

ఈ మూడో రకం అవసరమేదీ మీకు లేకపోతే కెమెరా కొనకండి. ఆ డబ్బుతో ఉన్న ఫొటోలకి ప్రింట్లు వేయించుకోండి!

మెగాపిక్సెళ్ల మోజు

'ఇది 48 మెగాపిక్సెల్ అండీ' అంటాడు అమ్మేవాడు. అయితే ఏంటట? ఆల్బమ్‌లో పెట్టుకునే 6×4 అంగుళాల ప్రింటుకి అంగుళానికి 300 చుక్కల లెక్కన 1800×1200 చుక్కలు చాలు. అంటే రెండు మెగాపిక్సెళ్ల కన్నా కొంచెం ఎక్కువ. గోడకి తగిలించే 12×8 అంగుళాల ఫొటోకి కూడా తొమ్మిది లోపే. పది, పన్నెండు ఉన్న కెమెరా ఇంటికి బోలెడు.

చూడాల్సింది సెన్సర్. వెలుగుని పట్టే బిళ్ల అది. వానలో వాకిట్లో గ్లాసు పెడితే గ్లాసెడు నీళ్లు, గంగాళం పెడితే గంగాళమెడు. సెన్సరూ అంతే. చిన్న కెమెరాల్లో మామూలుగా ఉండేది 1/2.3 అంగుళాల రకం. ఒక అంగుళం రకం విస్తీర్ణంలో దానికి నాలుగు రెట్లు ఉంటుంది, ధర కూడా అలాగే పెరుగుతుంది. గ్లాసులో ఎన్ని గళ్లు గీసినా పట్టే నీళ్లు పెరగవు కదా! మెగాపిక్సెళ్లంటే ఆ గళ్లే.

జూమ్ దగ్గర కూడా ఓ మెలిక ఉంది. ఆప్టికల్ జూమ్ అంటే లెన్సు కదిలి దగ్గరికి తేవడం. డిజిటల్ జూమ్ అంటే తీసిన బొమ్మలో ముక్కని కత్తిరించి సాగదీయడం. పెట్టె మీద '16 ఎక్స్ డిజిటల్ జూమ్' అని మాత్రమే ఉంటే లెన్సు కదలదని అర్థం. పేరూ ఊరూ తెలియని చౌక కెమెరాలు చాలావరకు ఇలాంటివే. స్టేజీ మీద పిల్లల డ్యాన్సుకి 8 నుంచి 12 రెట్ల ఆప్టికల్ జూమ్ సరిపోతుంది. పక్షులకైతే 30 పైన ఉంటేనే బాగుంటుంది. అంత జూమున్న కెమెరా సాధారణంగా జేబులో పట్టదు.

ఇప్పుడు ఏం దొరుకుతాయి?

2010లో జపాన్ కంపెనీలు ప్రపంచమంతటికీ పంపిన డిజిటల్ కెమెరాలు 12 కోట్ల పైమాటే. వాటిలో ఎక్కువభాగం ఈ గురిపెట్టి నొక్కేసే చిన్న కెమెరాలే. ఫోన్లు వచ్చి వాటిని మింగేశాయి. 2023 నాటికి లెన్సు మార్చే పనిలేని కెమెరాలు ఏడాదికి 20 లక్షలు కూడా లేవు. అందుకే కొట్లో రకాలు తక్కువ.

కొన్ని మాత్రం నిలిచాయి. కెనాన్ 2016లో తెచ్చిన ఇక్సస్ 285 హెచ్‌ఎస్‌కి 12 రెట్ల ఆప్టికల్ జూమ్ ఉంది. దాన్నే కొద్ది మార్పులతో 2025లో చివర 'ఎ' అక్షరం చేర్చి మళ్లీ విడుదల చేశారు. కొత్తదానికి మైక్రో ఎస్‌డీ కార్డు కావాలి, పాతదానికి పెద్ద ఎస్‌డీ కార్డు. పేరొకటే కదా అని కార్డు కొనేయకండి. కోడక్ పేరుతో వచ్చే పిక్స్‌ప్రో కెమెరాలు మరో రకం. వీటిని అందించేది పాత కోడక్ కాదు, ఆ పేరుని లైసెన్సుకి తీసుకున్న జేకే ఇమేజింగ్. వాటిలో ఎఫ్‌జెడ్ 45కి రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే చాలు. ఛార్జి అయిపోతే పక్క కిరాణా కొట్టే దిక్కు! ఛార్జి చేసుకునే సెల్స్ రెండు జతలు ఉంచుకుంటే ఖర్చు తగ్గుతుంది.

కొట్లో నిలబడి...

- మీ కార్డు పట్టుకెళ్లి కెమెరాలో వేసి మూడు ఫొటోలు తీయండి. కొట్టు లోపలిది ఒకటి, వీధి వైపు ఒకటి, పూర్తి జూమ్‌తో దూరంగా ఉన్న బోర్డుది ఒకటి. ఇంటికొచ్చి పెద్ద తెర మీద చూశాకే బేరం.
- మీట నొక్కాక ఎంతసేపటికి ఫొటో పడుతోందో గమనించండి. కోడక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ 1975లో చేసిన మొదటి డిజిటల్ కెమెరా ఒక్క బొమ్మని క్యాసెట్ టేపు మీద రాసుకోవడానికి 23 సెకన్లు పట్టేదట. ఇప్పుడు అర సెకను ఆలస్యమైనా పిల్లాడు ఫ్రేములోంచి పరిగెత్తేస్తాడు.
- బిల్లు, మన దేశంలో చెల్లే వారంటీ కార్డు లేకుండా తీసుకోవద్దు. సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో ఉందో అడిగి రాసుకోండి.
- ఉన్న డబ్బంతా కెమెరాకే పెట్టకండి. కార్డు, అదనపు బ్యాటరీ, సంచీ అందులోంచే రావాలి.

పాతది కొంటే?

ఈమధ్య కుర్రకారు 2000ల నాటి కెమెరాలని వెతికి మరీ కొంటున్నారు. చవగ్గా దొరికితే తప్పులేదు. ఎక్స్‌డీ కార్డు, మెమొరీ స్టిక్ వాడే మోడళ్ల జోలికి మాత్రం పోవద్దు. ఆ కార్డులకి కొత్తవి దొరకడం కష్టం. 2006కి ముందు వచ్చిన ఎస్‌డీ కెమెరాలు సాధారణంగా 2 జీబీకి మించిన కార్డుని చదవలేవు. తెల్లగోడని ఫొటో తీసి చూడండి. మచ్చలు కనిపిస్తే లోపల దుమ్మో, బూజో చేరినట్టే. లెన్సు బయటికొచ్చేటప్పుడు కరకరమంటే వదిలేయండి.

సముద్రానికి దగ్గరగా ఉండే మనలాంటి వాళ్లకి ఇంకో జాగ్రత్త. ఉప్పుగాలి, ఇసుక ఈ కెమెరాలకి గిట్టవు. భావనపాడు తీరానికి వెళ్తే గాలి వీస్తున్నంతసేపూ లెన్సు బయటికి తెరవకండి. ఇంట్లో మూతగట్టి డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు పెట్టుకోండి.

అసలు సంగతి

ఇంతా చేసి, కెమెరా కూడా పోవచ్చు. కార్డు కూడా చెడిపోవచ్చు. అందుకే మావయ్యకి ఒక్క షరతు పెట్టాను. నెలకోసారి కార్డులోని ఫొటోలు రెండు చోట్ల దాచాలి. ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న మా ఇంట్లో. తుపానొచ్చినా రెండూ ఒకేసారి పోవు. వాటిలోంచి పది మంచివి ఏరి ప్రింటు వేయించాలి. కెమెరాలో తేదీ సరిగ్గా పెట్టుకోవాలి, ప్రింటు వెనక పేర్లు రాయాలి. యాభై ఏళ్లకి 'ఈవిడెవరు?' అని అడిగే పిల్లలకి జవాబు అక్కడే దొరకాలి.

మావయ్య 12 రెట్ల జూమున్న చిన్న కెమెరా కొన్నాడు. పెలికాన్లు అంత బాగా రాలేదు. 'ఫర్వాలేదులే, అవి మళ్లీ ఏడాది వస్తాయి' అన్నాడు. తర్వాతి జాతరకి అరుగు మీద మళ్లీ అందరినీ కూర్చోబెట్టి తీశాడు. మర్నాడే టెక్కలి వెళ్లి ప్రింటు వేయించుకొచ్చాడు. ఇప్పుడది దేవుడిగూటి పక్కన, తాతయ్య ఫొటో కింద ఉంది.

కెమెరా కనపడితే చాలు, అమ్మమ్మ ముందే అడిగేస్తోంది.

'ఇదీ కాయితం మీదేనా?'