టికెట్ ఉంది.. ముద్ర లేదు!

‘‘చెల్లె లగ్గానికి వస్తున్నవా బిడ్డా?’’

‘‘చూస్తనే అమ్మా. స్లాట్ దొరకాలె గదా!’’

‘‘స్లాటంటే ఏందిరా? విమానంల సీట్లు లేవా?’’

పెద్దవూర, హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ... సాగర్ ఎడమ కాలువ పారే ఊళ్లలో కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఏ ఇంటికి వెళ్లినా ఈ తరహా మాటలు వినపడతాయి. విమానంలో సీట్లున్నాయి. టికెట్టుకు డబ్బులున్నాయి. ఆఫీసులో బతిమాలితే రెండు వారాల సెలవూ దొరుకుతుంది. అయినా రాలేరు. ఊళ్లోవాళ్లు మాత్రం దానికి వేరే కారణం చెప్పుకొంటారు. ‘డాలర్లు మరిగిండు, ఇగ ఊరెందుకు యాదికొస్తది?’ అని! చెల్లెలి పెళ్లికి రాని అన్న మీద, తండ్రి చివరిచూపుకు అందని కొడుకు మీద ఈ మాట ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఇంట్లోవాళ్లు కూడా లోలోపల దాన్నే నమ్మడం మొదలుపెడతారు.

అసలు చిక్కంతా పాస్‌పోర్టులో అతికించే ఓ చిన్న కాగితం దగ్గర ఉంది.

నిజానికి అమెరికాలో కుదురుకోవడం మనవాళ్లకు ఇప్పుడు అంత కష్టం కాదు. మొదటి మూడు నెలలే ఇబ్బంది. సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చేదాకా కాళ్లూచేతులూ కట్టేసినట్టే ఉంటుంది. అప్పు తీసుకుని తిరిగి కట్టిన చరిత్ర లేదు కాబట్టి అద్దెకు ఇల్లిచ్చేవాళ్లు అడ్వాన్సు ఎక్కువ అడుగుతారు. ఇక్కడ రెండెకరాలు తాకట్టు పెట్టి, లక్షలకు లక్షలు అప్పు చేసి వెళ్లిన కుర్రాడు అక్కడ ‘అప్పు చరిత్ర లేనివాడు’ కావడం విచిత్రమే! డ్రైవింగ్ లైసెన్సు, పాత కారు, అదే ఊరిలో తెలుగు స్నేహితులు, దగ్గర్లో గుడి, ఇండియన్ స్టోరు... ఆరు నెలలు తిరిగేసరికి అన్నీ అమరిపోతాయి. తినే తిండి కూడా మారదు. 2023 జూలై 20న మన దేశం బాస్మతియేతర తెల్లబియ్యం ఎగుమతిని ఆపేసినప్పుడు అమెరికాలోని ఇండియన్ స్టోర్ల ముందు బారులు తీరింది ఎవరనుకున్నారు? ఎక్కువమంది మనవాళ్లే. కొన్ని దుకాణాల్లో మనిషికి ఒక్క బస్తానే అని బోర్డులు పెట్టాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరులో ఆ నిషేధం ఎత్తేశారు. మిర్యాలగూడ మిల్లుల సన్నబియ్యం సంగతి తెలిసినవాళ్లకు ఆ ఆరాటం కొత్తగా అనిపించదు.

అంటే బియ్యం దగ్గర్నుంచి స్నేహితుల దాకా అన్నీ దొరుకుతాయి. ఇంటికొచ్చి వెళ్లే వీలు ఒక్కటే దొరకదు.

వీసా అంటే అమెరికాలో ఉండనిచ్చే అనుమతి అని మనలో చాలామంది అనుకుంటారు. కానీ పాస్‌పోర్టులోని వీసా గుమ్మం దాటి లోపలికి వెళ్లడానికి చూపించే చీటీ మాత్రమే. లోపల ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే కాగితాలు వేరు. కంపెనీ దరఖాస్తు మీద వచ్చే ఐ-797 అనుమతి పత్రం, దేశంలోకి వచ్చినప్పుడు నమోదయ్యే ఐ-94. ఈ రెండూ చెల్లుతున్నన్నాళ్లూ గుమ్మం చీటీ గడువు తీరిపోయినా అడిగేవాళ్లుండరు. ఉద్యోగం చేసుకోవచ్చు, పన్నులు కట్టొచ్చు, ఇల్లు కూడా కొనుక్కోవచ్చు. అదంతా చట్టబద్ధమే. కాకపోతే ఒక్కసారి దేశం దాటారా.. తిరిగి వెళ్లడానికి మళ్లీ కొత్త చీటీ వేయించుకోవాల్సిందే. మనవాళ్లు ‘స్టాంపింగ్’ అనేది దీన్నే. దాని కోసం కాన్సులేటు ఇచ్చే అపాయింట్‌మెంటే స్లాట్.

ఉద్యోగం మీద వెళ్లేవాళ్లకు ఇచ్చేది హెచ్-1బి. మొదట మూడేళ్లు, ఆ తర్వాత ఇంకో మూడేళ్లు పొడిగిస్తారు. పొడిగింపు అమెరికాలో కూర్చునే అయిపోతుంది. కానీ పాస్‌పోర్టులో ముద్ర మాత్రం అక్కడ పడదు. చదువు కోసం వెళ్లి, అక్కడే లాటరీలో పేరొచ్చి హెచ్-1బిలోకి మారినవాళ్ల పరిస్థితి మరీ ఇరకాటం. వాళ్ల పాస్‌పోర్టులో ఉన్నది విద్యార్థి వీసా. ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయినా సరే, ఇంటికొస్తే కాన్సులేటు కిటికీ ముందు కొత్తగా వచ్చినవాడిలాగే నిలబడాలి.

ఎప్పుడూ ఇలాగే ఉండేదా అంటే, లేదు. 2004 జూలై దాకా పాస్‌పోర్టును అమెరికాలోనే విదేశాంగ శాఖకు పంపితే అక్కడే ముద్ర వేసి పంపేవాళ్లు. వేలిముద్రలు తప్పనిసరి అన్న నిబంధన వచ్చాక ఆ సౌకర్యం ఆపేశారు. ఇరవయ్యేళ్ల తర్వాత, 2024 జనవరి నెలాఖరు నుంచి ప్రయోగాత్మకంగా ఇరవై వేలమంది దాకా మళ్లీ ఆ అవకాశం ఇచ్చారు. రెండు నెలల్లో ఆ ప్రయోగం ముగిసింది. అప్పట్లో ఎన్ని ఇళ్లలో ఆశలు పెట్టుకున్నారో!

మరో విచిత్రం కూడా ఉంది. పెద్దవూరలో ఉండే తల్లిదండ్రులు కొడుకును చూడ్డానికి వెళ్లాలనుకుంటే వాళ్లకిచ్చే సందర్శక వీసా సాధారణంగా పదేళ్లు చెల్లుతుంది. అక్కడ ఉద్యోగం చేసి ఏటా పన్ను కట్టే కొడుకు పాస్‌పోర్టులో పడే ముద్రకు ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు. కోడలి కాన్పుకనో, మనవడి పుట్టినరోజుకనో అమ్మానాన్నలు వెళ్లి రాగలరు. కొడుకు మాత్రం వాళ్ల షష్టిపూర్తికి రావాలంటే లాయరుని అడగాలి. ఇక పెద్దవాళ్ల ప్రయాణమూ అనుకున్నంత సులువేం కాదు. కొవిడ్ తర్వాత 2022, 2023లలో సందర్శక వీసా ఇంటర్వ్యూ కోసం ఏడాదికి పైగా ఎదురుచూసిన కుటుంబాలున్నాయి.

హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేటు 2008లో వచ్చింది. అంతకుముందు నల్గొండ జిల్లావాళ్లయినా, ఆదిలాబాద్‌వాళ్లయినా రైలెక్కి మద్రాసు పోవాల్సిందే. బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలైన కాన్సులేటు 2023లో నానక్‌రామ్‌గూడలోని పెద్ద భవనంలోకి మారింది. దూరం తగ్గింది, కిటికీలు పెరిగాయి. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసేవాళ్లు మాత్రం తగ్గలేదు. తిరిగొచ్చి మొక్కు తీరుస్తూ నూటెనిమిది చుట్లు తిరిగేవాళ్లలో కొత్తగా వెళ్లేవాళ్లే కాదు, పదేళ్లుగా అక్కడుంటూ స్టాంపింగ్ కోసం వచ్చినవాళ్లూ కనిపిస్తారు.

2025లో ఈ గుబులు మరింత పెరిగింది. సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అంటూ ఆదేశం మీద సంతకం చేశారు. అమల్లోకి వచ్చేది 21 నుంచి. మనకది ఎంగిలిపూల బతుకమ్మ రోజు. పండక్కి వచ్చినవాళ్లు, వద్దామని బయల్దేరినవాళ్లు అందరూ ఒక్కసారిగా కంగారుపడ్డారు. 24 గంటల్లో వెనక్కి వచ్చేయమని పెద్ద కంపెనీలు మెయిళ్లు పెట్టాయి. విమానం ఎక్కి కూర్చున్నవాళ్లు కూడా దిగిపోయారు. మర్నాడు వైట్‌హౌస్ వివరణ ఇచ్చింది. రుసుము కొత్త దరఖాస్తులకేనని, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లు వచ్చి వెళ్లొచ్చని. అప్పటికే ఎందరి ప్రయాణాలు రద్దయ్యాయో!

అదే సెప్టెంబరులో ఇంకో దారీ మూసుకుపోయింది. హైదరాబాద్‌లో స్లాట్ దొరక్కపోతే కొందరు వేరే దేశానికి వెళ్లి అక్కడ ముద్ర వేయించుకునేవాళ్లు. సొంత దేశంలో గానీ, నివాసం ఉంటున్న దేశంలో గానీ దరఖాస్తు చేసుకోవాలని కొత్త నిబంధన వచ్చింది. ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు పెట్టెలో వేసి వెళ్లే ‘డ్రాప్‌బాక్స్’ సౌకర్యాన్నీ హెచ్-1బి వాళ్లకు ఎత్తేశారు.

డిసెంబరులో జరిగింది అంతకన్నా పెద్ద దెబ్బ. 15వ తేదీ నుంచి హెచ్-1బి, వాళ్ల కుటుంబసభ్యులకిచ్చే హెచ్-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలన్నీ పరిశీలిస్తామన్నారు. దాంతో రోజుకు చూసే దరఖాస్తులు తగ్గిపోయాయి. డిసెంబరు స్లాట్‌లు ఒక్కసారిగా 2026 మార్చికి, కొందరికి ఇంకా ముందుకు జరిగిపోయాయి. క్రిస్మస్ సెలవుల్లో మూడు వారాలకని వచ్చినవాళ్లు నెలల తరబడి ఇక్కడే చిక్కుకుపోయారు. అక్కడ ఇంటి అద్దె, కారు వాయిదా ఆగవు కదా. కొన్ని కంపెనీలు ఇక్కడి నుంచే పని చేయనిచ్చాయి గానీ, అన్ని కంపెనీలూ కాదు. ఇందులో మరో మెలిక.. అమెరికాలో పుట్టిన పిల్లలకు ఆ దేశపు పాస్‌పోర్టు ఉంటుంది. మూడేళ్ల పిల్ల ఎప్పుడంటే అప్పుడు వెనక్కి వెళ్లొచ్చు. దాన్ని ఎత్తుకెళ్లాల్సిన అమ్మానాన్నలకే దారి లేదు!

‘మరి గ్రీన్‌కార్డు తెచ్చుకోవచ్చు గదా?’ అంటారు ఊళ్లో పెద్దమనుషులు. అక్కడుంది అసలు కథ. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు లక్షా నలభై వేలు. అందులో ఏ ఒక్క దేశంవారికీ ఏడు శాతం మించకూడదని నియమం. పుట్టిన దేశాన్ని బట్టి లెక్క. చిన్న దేశానికీ ఏడు శాతమే, నూట నలభై కోట్ల మనకూ ఏడు శాతమే. హెచ్-1బి అనుమతుల్లో మాత్రం నూటికి డెబ్బై మనవాళ్లవే. దాంతో వరుస పెరిగి పెరిగి, 2025 అక్టోబరులో చూస్తే ఈబీ-2 కోటాలో 2013 ఏప్రిల్‌కు ముందు వరుసలో చేరిన భారతీయుల వంతు నడుస్తోంది. ఇవాళ వరుసలో చేరే కుర్రాడి వంతు ఎప్పుడొస్తుందో వేళ్ల మీద లెక్కపెట్టేది కాదు. ఆరేళ్లు దాటినా ఉండనిస్తారు, మూడేసి ఏళ్లు పొడిగిస్తారు. మధ్యలో ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి. అందుకే నచ్చని ఉద్యోగాన్నీ వదల్లేరు, ముక్కు సూటిగా మాట్లాడే ధైర్యమూ చేయలేరు.

ఇప్పుడు ఇక్కడి ఇంటి సంగతి. మన దగ్గర మనిషి పోతే అదే రోజో, మర్నాడో దహనం చేసేస్తారు. అంత దూరం నుంచి కొడుకు చేరేసరికి ఎలాగూ రెండు రోజులు. తమ్ముడో, పాలివాళ్లలో ఒకరో తలకొరివి పెడతారు. ఫోన్లో వీడియో తిప్పుతూ చూపించడం ఇప్పుడు ఊళ్లల్లో మామూలైపోయింది. చివరిచూపు దక్కకపోయినా పెద్దకర్మకు చేరుకుంటే అదే తృప్తి అనుకునేవాళ్లు. ఇప్పుడు ఆ పెద్దకర్మకు వచ్చినవాడు తిరిగి ఎప్పుడు వెళతాడో తెలియక, భార్యాపిల్లల్ని అక్కడ వదిలి రాలేక, వెంటబెట్టుకుని రాలేక ఆగిపోతున్నాడు. ఇండియాకు రావద్దని ఎవరూ ఆపరు, పౌరుడు కాబట్టి నేరుగా రావొచ్చు. వెనక్కి పోవడమే ప్రశ్న. ఉద్యోగం పోతే తీరని అప్పు, అదీ తండ్రి చేసిన అప్పే, ఇంకా మిగిలి ఉంటే ఏం చేయాలి?

తప్పనిసరై వచ్చేవాళ్లు కొన్ని జాగ్రత్తలు తీసుకుంటున్నారు. స్లాట్ చేతికొచ్చాకే టికెట్ కొంటున్నారు, అదీ తిరుగు ప్రయాణం తేదీ మార్చుకునే వీలున్నదే. ఐ-797, ఇటీవలి జీతం చీటీలు, డబ్ల్యూ-2, వేరే కంపెనీ ప్రాజెక్టులో పనిచేస్తుంటే అక్కడి నుంచి ఉత్తరం వెంట తెస్తున్నారు. 221(జీ) చీటీ చేతిలో పెట్టి ‘ఇంకా చూడాలి’ అని పంపేస్తే ఎన్నాళ్లు పడుతుందో చెప్పేవాళ్లుండరు కాబట్టి మూణ్నాలుగు నెలల ఖర్చు పక్కన పెట్టుకుంటున్నారు. కొన్ని ఇళ్లలో అయితే వరస మారిపోయింది. మునుపు అయ్యగారు ముహూర్తం పెట్టాక అమెరికాకు ఫోన్ చేసేవాళ్లు. ఇప్పుడు ముందు అక్కడికి ఫోన్ చేసి, స్లాట్ తేదీ రాసుకుని, పంచాంగం ముందేసుకుని కూర్చున్న అయ్యగారి దగ్గరికి వెళుతున్నారు. ఆ వారంలో లగ్గాలు లేవంటే, పక్క వారం చూడమంటున్నారు.