‘టీవీలో వార్తలు చదవడానికి పీజీ ఎందుకండీ?’



పోయిన పేరెంట్-టీచర్ మీటింగ్‌లో ఒక నాన్నగారు నా ఎదుట కూర్చుని, ప్రోగ్రెస్ కార్డు తెరవకుండానే అడిగారు. “మేడమ్, మా పాప నిన్నటిదాకా డాక్టర్ అంది. ఇప్పుడు మీడియా చదువుతానంటోంది. మీ క్లాసులోనే మొదలైందట కదా?” మాట మర్యాదగానే ఉంది, కానీ నింద నా మీదేనని తెలుస్తూనే ఉంది. “టీవీలో వార్తలు చదవడానికి పీజీ ఎందుకండీ? మంచి గొంతుంటే చాలదూ?” అన్నారు. ఒక్కొక్కరికి ఇచ్చేది ఐదు నిమిషాలు. వెనక క్యూ ఉంది. ఏదో సర్దిచెప్పి పంపాను. ఆ జవాబు నాకే నచ్చలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు నా క్లాసులో ఏం జరిగిందో చెప్పాలి. తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్‌లో రిపోర్ట్ రైటింగ్ ఉంది. పుస్తకంలోని నమూనా బట్టీపట్టించడం ఇష్టంలేక, స్పోర్ట్స్ డే రోజు ఫోన్‌లో తీసిన పద్నాలుగు చిన్న క్లిప్పులు రెండు గ్రూపులకీ ఇచ్చి, రెండు నిమిషాల వార్త చేయమన్నాను. ఒక గ్రూపు చేసింది పండుగలాంటి స్పోర్ట్స్ డే. రెండో గ్రూపు చేసింది పిల్లల్ని ఎండలో నిలబెట్టిన స్పోర్ట్స్ డే. రెండింట్లోనూ ఒక్క అబద్ధపు బొమ్మ లేదు. ఒకరు చప్పట్ల క్లిప్పు చివర పెట్టారు, ఇంకొకరు నీళ్ల బాటిల్ కోసం చేయి చాపిన పిల్లాడిని చివర పెట్టారు. అంతే తేడా. క్లాసంతా గొడవ. ఆ గొడవలో ఈ అమ్మాయి లేచి, “మేడమ్, రెండూ నిజమేనా?” అని అడిగింది.

ఆ ప్రశ్నకి నా బీఈడీ సరిపోలేదు.

దాదాపు వందేళ్ల క్రితం రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు ఇలాంటి ప్రయోగమే చేశాడని చెబుతారు. ఏ భావమూ లేని ఒక నటుడి ముఖం పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక చూపిస్తే, చూసినవాళ్లు అదే ముఖంలో ఆకలినీ దుఃఖాన్నీ చూశారట. ఇది పుస్తకంలో చదివితే పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. ఎడిటింగ్ టేబుల్ దగ్గర మీ చేత్తో మీరే క్లిప్పు అటూ ఇటూ మార్చి చూస్తే, ఇక జన్మలో ఏ వార్తనీ పాతకళ్లతో చూడలేరు. మంచి మీడియా పీజీ చేసే పని ఇదే. పొద్దున క్లాసులో చదివింది మధ్యాహ్నం కెమెరాతో పరీక్షకు పెట్టడం, కెమెరాతో చేసినదాన్ని మళ్లీ క్లాసుకి తెచ్చి ‘ఇలా చేయడం సరేనా’ అని అడగడం. రెండింట్లో ఒకటి తీసేస్తే కోర్సు కుంటుతుంది. (మన ర్యాంకుల పోస్టర్ల మీద కూడా ఈ ప్రశ్న వేయొచ్చు. ఎడిటర్ గారు ఈ వాక్యం ఉంచుతారని ఆశ.)

దూరం ఎందుకు, జహీరాబాద్ దగ్గరి మాచనూరు చూడండి. అక్కడ దళిత మహిళలు నడిపే సంఘం రేడియో ఉంది. 2008 అక్టోబర్‌లో గాలిలోకి వచ్చింది. పరికరాలున్నా లైసెన్సు రాక అంతకుముందు ఏళ్ల తరబడి వాళ్లు కార్యక్రమాలను క్యాసెట్లలోనే ఊళ్లకి వినిపించుకున్నారు. అది రావడానికి యంత్రాలు చాల్లేదు. ‘గాలితరంగాలు ఎవరివి?’ అనే ప్రశ్న కావాల్సివచ్చింది. 1995లో సుప్రీంకోర్టు అవి ప్రజల ఆస్తి అంది. 2006లో కేంద్రం విధానం మార్చి స్వచ్ఛంద సంస్థలకూ కమ్యూనిటీ రేడియో తలుపు తెరిచింది. ఈ మధ్యలో ఊళ్లలో పనిచేసేవాళ్లతో పాటు విశ్వవిద్యాలయాల్లో మీడియా చదివినవాళ్లు, చెప్పేవాళ్లు కూడా వాదించారు, రాశారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం కమ్యూనికేషన్ విభాగంలోని ఆచార్యులు వినోద్ పావరాల, కంచన్ మాలిక్ ఈ పోరాటం మీద 2007లో పుస్తకమే తెచ్చారు. ఆ విశ్వవిద్యాలయానికి క్యాంపస్‌లో సొంత ఎఫ్‌ఎం కూడా ఉంది, 90.4 మీద బోల్ హైదరాబాద్. సిద్ధాంతం అంటే గాల్లో మాటలని మనం అనుకుంటాం. మాచనూరులో అది టవరై నిలబడింది.

ఢిల్లీలో జామియా వాళ్ల మాస్ కమ్యూనికేషన్ కేంద్రం 1982లో పెట్టారు. షారుఖ్ ఖాన్ అక్కడ చేరి పూర్తిచేయకుండా వచ్చేశారు. మన విజయేంద్రప్రసాద్ గారి కథతో ‘బజరంగీ భాయిజాన్’ తీసిన కబీర్ ఖాన్ చదివిందీ అక్కడే. మనకి ఇంకా దగ్గర్లో ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచే ఉంది. అంటే మీ అమ్మాయి అడిగేది నిన్నమొన్న పుట్టిన ఫ్యాషన్ కోర్సు కాదు.

అయితే మీ భయం ఉత్తిదేమీ కాదు. ఊరికో ‘మీడియా అకాడమీ’ ఉంది. పచ్చతెర ముందు నిలబెట్టి ఫోటో తీసి, ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అంటుంది. చేర్చేముందు ఆ స్టూడియో చూసి మురిసిపోకండి. పోయినేడాది విద్యార్థులు తీసిన సినిమా ఏదైనా చూపించమనండి. లైబ్రరీ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. కెమెరా సెలవురోజున పిల్లలకి ఇస్తారా, అద్దాల బీరువాలో ఉంటుందా అన్నది మాత్రం తప్పకుండా అడగండి. మరోవైపు, రెండేళ్లూ నోట్సు చెప్పి పంపే చోట్లు కూడా ఉన్నాయి. అక్కడ చదివినవాళ్లు కెమెరా గురించి బాగా రాస్తారు, పట్టుకోవడమే రాదు.

జీతాల సంగతి దాచను. మొదట్లో తక్కువే. సాఫ్ట్‌వేర్ చేరిన కజిన్‌తో పోల్చి చూస్తే ఇంట్లో పండుగ భోజనం చేదవుతుంది. డాక్టర్ చదువుకి పెట్టే ఖర్చు, ఓపిక ఇక్కడా పెట్టమనడం లేదు. ఒక్క ఊరట ఏమిటంటే, ఇది పీజీ. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనైనా జామియాలోనైనా ఈ ఎం.ఎ.కి ఏ డిగ్రీ చేసినవాళ్లయినా ప్రవేశానికి పోటీపడవచ్చు. తొమ్మిదో తరగతి పిల్ల ఇప్పుడే ఏదీ వదులుకోనక్కర్లేదు. బైపీసీ తీసుకోనివ్వండి. రేపు ఆరోగ్యవార్తలు రాసేవాళ్లలో శరీరం గురించి తెలిసినవాళ్లు ఒకరుంటే మనకే మంచిది.

నా సంగతి కూడా ఒక మాట. డిగ్రీ అయ్యాక నేనూ ఈ కోర్సు ప్రవేశ పరీక్షకి దరఖాస్తు నింపాను. “ఆడపిల్లకి టీచరుద్యోగం పదిలం” అని మా నాన్న బీఈడీ ఫీజు కట్టారు. దానికి నాకు కోపం లేదు, మీ పిల్లలతో ఉండటం నాకిష్టం. కానీ ఆ రోజు ఇంట్లో నన్ను ఎవరూ ఆ కోర్సులో ఏం నేర్పుతారని అడగలేదు. అడిగుంటే నాకూ జవాబు వచ్చేది కాదేమో, అది వేరే విషయం.

ఈ నెల మీటింగ్‌లో ఆ రెండు స్పోర్ట్స్ డే వీడియోలూ నా ట్యాబ్‌లో ఉంటాయి. ఆ నాన్నగారికి ఎండలో నిలబెట్టినది ముందు చూపిస్తాను, పండుగది తర్వాత. ఈసారి ఆయన క్యూలో చివర వస్తే బావుణ్ణు. ఐదు నిమిషాలు చాలవు.